ఫారో దీవుల్లో పార్కిన్‌సన్స్ రెట్టింపు ఎందుకు? సింగరేణి కుటుంబాలు తెలుసుకోవాల్సింది ఏంటి?

రిటైరైన నాన్న చేయి ఊరికే ఉన్నప్పుడు వణుకుతుంది. నడక నెమ్మదించింది. చొక్కా గుండీలు పెట్టుకోవడానికి చాలాసేపు పడుతోంది. ‘ఇన్నేళ్లు బాయి పని చేసిండు, వయసైంది’ అని గోదావరిఖనిలోని చాలా ఇళ్లలో సరిపెట్టుకుంటారు. కానీ అది పార్కిన్‌సన్స్ కావచ్చు.

ఎక్కడ, ఎంతమందికి?

ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల జనాభా 50 వేలకు అటూఇటూ. 1990ల్లో చేసిన సర్వేలో అక్కడ లక్ష మందికి సుమారు 188 మంది పార్కిన్‌సన్స్ రోగులు తేలారు. డెన్మార్క్‌తో పోలిస్తే ఇది దాదాపు రెట్టింపు.

మన దేశంలో ముంబయి పార్సీ కాలనీల్లో 14,010 మందిని ఇంటింటికీ వెళ్లి పరిశీలించారు. 1988లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం లక్షకు 328 మంది. బెంగళూరు ప్రాంతంలో జరిగిన మరో సర్వేలో మాత్రం లక్షకు 33 మందే.

ఇంత తేడా ఎందుకు?

మొదటి కారణం వయసు. ఈ వ్యాధి ఎక్కువగా 60 దాటినవారిలో కనిపిస్తుంది. పార్సీల్లో వృద్ధులు ఎక్కువ. వయసు తేడాను సర్దుబాటు చేస్తే వారి సంఖ్య కూడా బాగా తగ్గింది. ఫారోలో మాత్రం వయసును లెక్కలోకి తీసుకున్నా తేడా మిగిలింది. తరతరాలుగా బయటివారితో సంబంధాలు తక్కువ కావడంతో పరిశోధకులు జన్యువులను పరిశీలించారు. పాదరసం, పీసీబీ రసాయనాలు పేరుకున్న పైలట్ తిమింగలం మాంసాన్నీ అనుమానించారు. దాన్ని తినొద్దని అక్కడి వైద్యాధికారులు 2008లో సూచించారు.

బొగ్గు గనుల్లో పనిచేస్తే వస్తుందా?

బొగ్గు దుమ్ము ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. దానివల్లే పార్కిన్‌సన్స్ వస్తుందని నిరూపణ కాలేదు. అయితే మాంగనీసు ఎక్కువగా ఒంట్లోకి వెళితే పార్కిన్‌సన్స్‌ను పోలిన నరాల జబ్బు వస్తుంది. ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలపాల్సిన వృత్తి వ్యాధుల్లో ఇదీ ఉంది. వెల్డింగ్ పొగలోనూ మాంగనీసు ఉంటుంది. అందుకే ఏ విభాగంలో, ఎన్నేళ్లు పనిచేశారో డాక్టర్‌కు చెప్పాలి.

ఏం చేయాలి?

• వణుకు ఒక్కటే గుర్తు కాదు. కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకోవడం, చేతిరాత చిన్నదవడం, వాసన తెలియకపోవడం కూడా గమనించాలి.

• సింగరేణి వైద్య కార్డు ఉంటే ఏరియా ఆసుపత్రిలో చూపించి, న్యూరాలజిస్ట్‌కు రిఫరల్ అడగాలి. కార్డు లేనివారు ప్రభుత్వ ఆసుపత్రి నుంచి హైదరాబాద్ నిమ్స్ వంటి చోటికి వెళ్లొచ్చు.

• వాడుతున్న మందుల చీటీలన్నీ తీసుకెళ్లాలి. కొన్ని వాంతుల మందులు, మానసిక సమస్యల మందుల వల్ల కూడా ఇలాంటి లక్షణాలు వస్తాయి.

• లివోడోపా మొదలుపెడితే సొంతంగా ఆపకూడదు. ఒక్కసారిగా మానేస్తే ప్రాణాపాయం కలగొచ్చు.

• 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో పార్కిన్‌సన్స్ ఒకటి. స్వావలంబన్ పోర్టల్‌లో యూడీఐడీ కార్డుకు దరఖాస్తు చేయొచ్చు. చాలా ప్రయోజనాలకు కనీసం 40 శాతం వైకల్యం ఉన్నట్టు మెడికల్ బోర్డు ధ్రువీకరించాలి. పింఛనుకు ఆదాయ నిబంధనలు వేరే ఉంటాయి.

ఈ వ్యాధిని పూర్తిగా నయం చేసే మందు ఇంకా రాలేదు. కానీ సకాలంలో చికిత్స మొదలైతే, గుండీలు తనే పెట్టుకుని తన పనులు తనే చేసుకునే రోజులు పెరుగుతాయి.