మీకు తెలుసా? పాత కంప్యూటర్‌లో గేమ్ ఎందుకు తడబడుతుందో!

ఫుల్ హెచ్‌డీ తెర మీద కనిపించే ఒక్క బొమ్మలో 20,73,600 చుక్కలుంటాయి. గేమ్ సాఫీగా నడవాలంటే అలాంటి బొమ్మలు సెకనుకు 60 గీయాలి. అంటే ఒక్కో బొమ్మకు దొరికే సమయం 16.7 మిల్లీసెకన్లు. ఆలోగా ఎవరు ఎక్కడున్నారో లెక్కగట్టాలి, వెలుగునీడలు పరచాలి, ప్రతి చుక్కకూ రంగు తేల్చాలి. ఎనిమిది, పదేళ్ల కిందటి కంప్యూటర్ తడబడేది ఇక్కడే. దాన్ని మూలన పడేసే ముందు ఆ కాస్త సమయం దేనికి ఖర్చవుతోందో చూడండి. చాలాసార్లు మన కంటికి ఆనని పని మీదే అది కరిగిపోతుంటుంది.

1978లో టొమొహిరో నిషికాడో జపాన్‌లో తయారుచేసిన 'స్పేస్ ఇన్వేడర్స్'లో శత్రువులు తగ్గేకొద్దీ మిగిలినవాళ్లు వేగంగా కదులుతారు. ఇది ముందుగా అనుకుని పెట్టింది కాదు. తెర నిండా శత్రువులుంటే ఆనాటి ప్రాసెసర్ నెమ్మదించేది. ఒక్కొక్కరూ పోయేకొద్దీ గీసే పని తగ్గి వేగం అందుకునేది. ఆటకు ఉత్కంఠ తెచ్చింది కాబట్టి నిషికాడో దాన్ని అలాగే ఉంచేశారు.

గీసే పని తగ్గితే వేగం పెరగడం నేటి గేమ్‌లకూ వర్తిస్తుంది. రిజల్యూషన్‌ను 1920×1080 నుంచి 1280×720కి దించితే గీయాల్సిన చుక్కలు 9,21,600కి పడిపోతాయి. సగం కూడా ఉండవు. దీనితో ఇంకో ఉపయోగం ఉంది, జబ్బు ఎక్కడుందో తెలిసిపోతుంది. రిజల్యూషన్ దించగానే గేమ్ పరుగందుకుంటే భారమంతా గ్రాఫిక్స్ చిప్ మీద ఉన్నట్టు. దించినా రవ్వంత తేడా రాకపోతే అలిసిపోతున్నది ప్రాసెసర్ అన్నమాట. అప్పుడు తగ్గించాల్సినవి రోడ్డు మీద జనం, వాహనాల సంఖ్య, ఎంత దూరం వరకు కనిపించాలన్న సెట్టింగ్. అలాంటి యంత్రానికి కొత్త గ్రాఫిక్స్ కార్డు కొని పెట్టినా ఫలితం పెద్దగా ఉండదు. కార్డు కోసం డబ్బు కూడబెట్టుకుంటున్న పిల్లలకు ఈ పరీక్ష గురించి తప్పకుండా చెప్పండి.

గీసే పని తగ్గించే ఈ ఉపాయం కొత్తదేమీ కాదు. 1993లో వచ్చిన 'డూమ్'లో ప్లస్, మైనస్ మీటలు నొక్కితే ఆట కనిపించే కిటికీ పెద్దదయ్యేది, చిన్నదయ్యేది. ఎఫ్5 నొక్కితే అడ్డంగా పక్కపక్కనున్న రెండేసి చుక్కలకు ఒకే రంగు వేసేది. 386 ప్రాసెసర్ ఉన్నవాళ్లు కూడా ఆ ఆట ఆడగలిగారంటే ఇలాంటి ఏర్పాట్ల వల్లే. మన నెట్ సెంటర్లలో గంట లెక్కన డబ్బు కట్టి 'వైస్ సిటీ' ఆడిన తరానికి దాని డిస్‌ప్లే మెనూ గుర్తుండే ఉంటుంది. 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్ ఉంటే చాలన్న ఆట అది. డ్రా డిస్టెన్స్ తగ్గించి, ట్రెయిల్స్ ఆపేస్తే నీరసంగా ఉన్న సిస్టమ్ కూడా కాస్త లేచి కూర్చునేది.

గ్రాఫిక్స్ సెట్టింగ్స్‌లో చాలామంది మొదట తగ్గించేది టెక్స్చర్లు, అంటే గోడలకూ నేలకూ అద్దే పైపూత బొమ్మలు. నిజానికి వాటిని చివరికి వదిలేయాలి. టెక్స్చర్లు గ్రాఫిక్స్ కార్డు మెమరీలో పట్టినంత వరకు వేగాన్ని పెద్దగా తినవు. పట్టక పొంగిపోయినప్పుడే గేమ్ కుదుపులు పడుతుంది. ముందుగా తగ్గించాల్సింది నీడలు. గేమ్‌లో నీడ ఎలా పడుతుందంటే, కంప్యూటర్ ముందు దీపం ఉన్నచోటికి వెళ్లి అక్కడి నుంచి దృశ్యాన్ని చూస్తుంది. దీపానికి కనిపించేవన్నీ వెలుగులో ఉన్నట్టు, కనిపించనివి నీడలో ఉన్నట్టు. అందుకోసం అదే వీధిని, అవే చెట్లను దీపం వైపు నుంచి మరోసారి గీయాల్సిందే. దీపాలు ఎక్కువైతే అన్నిసార్లు. నీడల్ని అల్ట్రా నుంచి మీడియంకి దించితే అంచులు కొద్దిగా మసకబారతాయి. పరుగెడుతూ, కాలుస్తూ ఆడుతున్నప్పుడు ఆ తేడా పట్టుకోవడం కష్టం.

విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్ బొమ్మలు గీయడానికి కూడా మామూలు ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే అక్కడ ర్యామ్ ఎంత ఉందన్నదానితో పాటు ఎన్ని స్టిక్‌లుగా ఉందన్నదీ లెక్కే. డీడీఆర్4 2400 స్టిక్ ఒక్కటే ఉంటే సెకనుకు గరిష్ఠంగా 19.2 జీబీ సమాచారం అటూ ఇటూ వెళ్తుంది. అలాంటివే రెండు జంటగా పనిచేస్తే 38.4 జీబీ. ఒకే 8 జీబీ స్టిక్ కన్నా రెండు 4 జీబీ స్టిక్‌లు గేమ్‌కు మేలు చేసేది ఇందుకే. మీ విండోస్‌లో టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో మెమరీ మీద నొక్కితే రెండు స్లాట్లలో ఎన్ని నిండాయో అక్కడే రాసి ఉంటుంది. ఒకటి ఖాళీగా ఉంటే సంతోషించండి, అందులో అలాంటి స్టిక్ ఇంకోటి పెట్టొచ్చు. ఇలాంటి యంత్రానికి పెట్టిన ఖర్చుకు ఇంత ఫలితమిచ్చే మార్పు నా దృష్టిలో ఇంకోటి లేదు.

మొదటి పది నిమిషాలు చక్కగా నడిచిన గేమ్ ఆ తర్వాత ఈడుస్తోందా? అయితే అనుమానించాల్సింది వేడిని. చాలా ల్యాప్‌టాప్ ప్రాసెసర్లు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి రాగానే కాలిపోకుండా తమ వేగాన్ని తామే తగ్గించుకుంటాయి. చిప్‌కూ గదికీ మధ్య ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువుంటే వేడి అంత త్వరగా బయటికి పోతుంది. మే నెలలో రెంటచింతలలోనో రామగుండంలోనో మధ్యాహ్నం పూట ఆడేవాళ్ల సిస్టమ్ డిసెంబర్‌లో కన్నా నెమ్మదిస్తే ఆశ్చర్యం లేదు. దానికి దుమ్ము తోడవుతుంది. చిప్ వేడిని మోసుకెళ్లే రాగి గొట్టం చివర సన్నటి లోహపు రేకుల వరుస ఒకటుంటుంది. ఫ్యానుకూ ఆ రేకులకూ మధ్య దుమ్ము దూదిపొరలా పేరుకుపోతుంది. బయటి నుంచి ఊదితే అది కదలదు. అడుగు మూత విప్పి, ఫ్యాను రెక్కలు తిరక్కుండా పట్టుకుని బ్రష్‌తో తీయాలి. చేతకాకపోతే మెకానిక్‌కి ఇచ్చి, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌ను కూడా మార్పించండి. ల్యాప్‌టాప్‌ను పరుపు మీద పెట్టి మాత్రం ఆడకండి. గాలి లోపలికి వెళ్లే రంధ్రాలు చాలావాటికి అడుగునే ఉంటాయి.

నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ ఒక్క చుట్టు తిరగడానికి 11 మిల్లీసెకన్లు పడుతుంది. కొత్త వీధిలోకి మలుపు తిరగగానే గేమ్ బిగుసుకుపోవడానికి అది ఒక కారణం. ఎస్‌ఎస్‌డీ పెడితే సెకనుకు గీసే బొమ్మలు, అంటే ఫ్రేములు, పెరగవు కానీ ఈ బిగుసుకోవడాలు బాగా తగ్గుతాయి.

అన్నిసార్లూ తప్పు మన సిస్టమ్‌దే కానక్కర్లేదు. 'జీటీఏ ఆన్‌లైన్' తెరుచుకోవడానికి నిమిషాల తరబడి పట్టేది. 2021లో ఒక ప్రోగ్రామర్ దాని సంగతేమిటో తేల్చుకోవాలనుకున్నాడు. ఆయన పాత ఏఎండీ ప్రాసెసర్‌పై దానికి ఆరు నిమిషాలు పట్టేది. చూస్తే, అమ్మకపు వస్తువుల పట్టిక ఒకటి 10 ఎంబీ ఫైలుగా వస్తోంది. అందులో దాదాపు 63,000 వస్తువులు. ఒక్కో వస్తువును చదివేటప్పుడు ఇంకా మిగిలిన ఫైలు పొడవంతా మళ్లీ కొలుస్తోంది. ఆ పైన ప్రతి వస్తువునూ అంతకుముందు వచ్చినవాటన్నిటితో పోల్చుకుంటోంది. ఆ పోలికలే దాదాపు 198 కోట్లు! ఈ రెండూ సరిచేస్తే అదే సిస్టమ్‌లో రెండు నిమిషాల లోపే తెరుచుకుంది. గేమ్‌ను తయారుచేసిన రాక్‌స్టార్ సంస్థ దాన్ని ఒప్పుకుని, గేమ్‌ను సరిదిద్ది, ఆయనకు 10,000 డాలర్లు బహుమతిగా ఇచ్చింది. కంప్యూటర్ పాతబడింది కాబట్టి ఇంతేనని సర్దుకుపోయిన లక్షలమంది సమయం ఆ ఒక్కడి పట్టుదల వల్ల మిగిలింది.

2021 జూన్‌లో ఏఎండీ తెచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ అనే సాంకేతికత పాత కార్డులకు పెద్ద సాయం. గేమ్‌ను తక్కువ రిజల్యూషన్‌లో గీసి, అంచులకు పదును పెట్టి తెరకు సరిపడా పెంచుతుంది. క్వాలిటీ అన్న సెట్టింగ్‌లో ఫుల్ హెచ్‌డీ తెరకు లోపల గీసేది 1280×720 బొమ్మే. పోటీ సంస్థ ఎన్‌విడియా 2016లో అమ్మిన జీటీఎక్స్ 1060 మీద కూడా ఇది పనిచేస్తుంది. ఇలాంటిదే అయిన ఎన్‌విడియా వారి సొంత డీఎల్‌ఎస్‌ఎస్ మాత్రం ఆర్‌టీఎక్స్ కార్డులు ఉంటేనే పనిచేస్తుంది.

60 హెర్ట్జ్ తెర మీద 40కీ 50కీ మధ్య ఊగే ఫ్రేములకన్నా 30 దగ్గర స్థిరంగా కట్టేసిన గేమ్ కంటికి హాయిగా ఉంటుంది. ప్రతి బొమ్మా సరిగ్గా రెండేసి విడతలు తెర మీద నిలుస్తుంది కాబట్టి కుదుపు తెలియదు. చిప్ కూడా చల్లగా ఉంటుంది.

ర్యామ్‌ను శుభ్రం చేస్తామనే ఉచిత బూస్టర్ల జోలికి వెళ్లకండి. వాటిలో చాలా భాగం గేమ్ మళ్లీ వాడబోయే సమాచారాన్ని కూడా ర్యామ్ నుంచి తోసేస్తాయి. మరుక్షణం అదంతా డిస్క్ నుంచి తిరిగి తెచ్చుకోవాలి. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ ట్యాబ్‌కు వెళ్లి అక్కర్లేనివి ఆపేయండి, గేమ్ మొదలుపెట్టే ముందు బ్రౌజర్ మూసేయండి, ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ పెట్టి ఆడండి. బ్యాటరీ మీద ఉన్నప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లు చిప్‌కు అందే కరెంటునే తగ్గించేస్తాయి.