పూటకూళ్లవాని చేతిలో రెండు దేనారములు

ధర్మవరంలో మగ్గం నేసే ఒక సహోదరుని భార్యకు రెండవ కాన్పు తరువాత నిద్ర కరువైంది. తనలో తాను మాట్లాడుకొనేది. బిడ్డను దగ్గరకు రానిచ్చేది కాదు. గాలి సోకిందన్నారు ఇరుగుపొరుగువారు. మేము ఉపవాస ప్రార్థనలు పెట్టాము. ప్రార్థించడం తప్పు కాదు. డాక్టరుకు చూపించండని ఆరు నెలలపాటు నేను చెప్పకపోవడమే తప్పు.

చివరకు రైలెక్కించి బెంగుళూరు నిమ్హాన్స్‌కు తీసుకువెళ్లారు. మందులతో ఆమె తేరుకుంది. అయితే ఆ మందులు మధ్యలో మానకూడదు. నెలనెలా ఇద్దరికి ప్రయాణం, రెండు రోజులు మగ్గం ఆగిపోవడం. ఒక నెల చేతిలో డబ్బు లేక వెళ్లలేదు. జబ్బు తిరగబెట్టింది.

ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా పోయే ఆ రైలులో ఇలాంటి కుటుంబాలు ఇంకెన్నో! ఈ వైద్యం మన ఊరి దగ్గరే దొరకకూడదా?

దొరకవచ్చని మన పొరుగు బళ్లారి జిల్లా 1980లలోనే చూపించింది. నిమ్హాన్స్ వైద్యులు అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు శిక్షణ ఇచ్చి, కొద్దిపాటి ముఖ్యమైన మందులతోనే వైద్యం నడిపించారు. ఆ నమూనాతోనే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం మొదలైంది. ఈ వైద్యం పొందడం ప్రతి ఒక్కరి హక్కని 2017 చట్టం చెప్పింది. రోగిని గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది.

మరి లోటు ఎక్కడ? 2024–25లో కేంద్ర ఆరోగ్య శాఖకు సుమారు 91 వేల కోట్ల రూపాయలు కేటాయించారు. మానసిక వైద్యానికి నేరుగా చూపినది సుమారు 1000 కోట్లు. అంటే నూటికి ఒక రూపాయి! అందులోనూ 850 కోట్లు నిమ్హాన్స్‌కే. ఆ పెద్దాసుపత్రి మనకు కావలసిందే. కాని జిల్లాలకు, పల్లెలకు వేరే పద్దు కింద వచ్చే సొమ్ము కూడా పెరగాలి. 2015–16 జాతీయ సర్వే ప్రకారం ఈ రోగులలో పదిమందికి ఏడుగురికి పైగా చికిత్సే అందడం లేదు.

ప్రియులారా, మంచి సమరయుడు గాయపడినవానిపై జాలిపడి ఊరుకోలేదు. పూటకూళ్లవానికి రెండు దేనారములిచ్చాడు, తక్కువైతే మళ్లీ ఇస్తానన్నాడు. కనికరానికి ఖర్చు ఉంటుందని ఆయనకు తెలుసు.

మన సంఘాల పెద్దలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి, మానసిక రోగులకు ఏ మందులు ఉన్నాయో అడగండి. లేకపోతే సోమవారం పుట్టపర్తి కలెక్టరాఫీసులో అర్జీ ఇవ్వండి. ఇంట్లో ఎవరైనా ఇలా బాధపడుతుంటే 14416కు ఫోను చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడతారు. ప్రార్థించండి, అదే రోజున డాక్టరుకూ చూపించండి. నాలాగా ఆరు నెలలు ఆగకండి.