క్రిస్మస్ అంగడిలో యుద్ధస్మృతి

ఇంగ్లండులో నవంబరు మాసము రాగానే పెద్ద దుకాణముల క్రిస్మస్ ప్రకటనలు టెలివిజనులో మొదలగును. వీనిలో సరకు పేరు గాని, ధర గాని ముందుగా వినిపించదు. చిన్న కథ ఒకటి నడచును. చూచువారి కన్ను చెమ్మగిల్లును. కట్టకడపట దుకాణము పేరు కనిపించును. జాన్ లూయిస్ అను సంస్థ 2007 నుండి ఈ బాణీని పెంచి పోషించినది. తక్కిన వర్తకులు పోటీకి దిగినారు. ఒంటరి వృద్ధులు, పసిపిల్లలు, పెంపుడు జంతువులు, కరుణరసమునకు పనికివచ్చునవన్నియు ఈ కథలలోనికి వచ్చినవి. 2014లో యుద్ధము కూడ వచ్చినది.

ఆ యేడు నవంబరు 12న సెయిన్స్‌బరీ అను కిరాణా సంస్థ మూడు నిమిషములకు పైబడిన చిత్రమును ప్రసారము చేయించినది. మొదటి ప్రపంచయుద్ధము ముగిసిన రోజుగా మృతవీరులను స్మరించుకొను నవంబరు 11కు అది మరునాడు. యుద్ధము ఆరంభమై నూరేండ్లు నిండిన సంవత్సరము కూడ అదే. ముహూర్తము బాగుగనే చూచుకొన్నారనవలెను.

కథ 1914 క్రిస్మస్ నాటిది. కందకములో నున్న బ్రిటిష్ యువకునికి ఇంటినుండి చాక్లెట్టు వచ్చినది. అవతలి కందకమునుండి జర్మనులు భక్తిగీతమందుకొందురు. ఇవతలివారు తమ భాషలో గొంతు కలుపుదురు. తెల్లవారిన పిదప ఆ యువకుడు చేతులెత్తి బయటికి వచ్చును. ఎదుటినుండి ఒక జర్మను యువకుడు వచ్చును. కరచాలనములు, ఫుట్‌బాల్ ఆట. దూరమున ఫిరంగి మ్రోగగానే ఎవరి కందకమునకు వారు మరలుదురు. జర్మను యువకునికి తన కోటు జేబులో ఆ చాక్లెట్టు దొరకును. క్రిస్మస్ అనగా పంచుకొనుటయే యను అర్థముగల మాటతో చిత్రము ముగియును. అటువంటి చాక్లెట్టునే బెల్జియములోని ఈప్ర్ పట్టణమున చేయించి, ఒక పౌనుకు అమ్మి, లాభమును మాజీ సైనికుల సహాయార్థము 1921లో స్థాపితమైన రాయల్ బ్రిటిష్ లీజియనుకు ఇచ్చినారు.

చిత్రములోని విరామము కల్పన కాదు. యుద్ధము మొదలై అయిదు నెలలు గడిచినవి. ఫ్లాండర్సు కందకములలో మోకాలిలోతు బురద. డిసెంబరు 24న మంచు పట్టి నేల గట్టిపడినది. జర్మనులు కందకపు గట్లమీద చిన్న చెట్లుంచి క్రొవ్వొత్తులు వెలిగించినారు. పాటలు సాగినవి. మరునాడు పలుచోట్ల సైనికులు బయటికి వచ్చి పొగాకు, బొత్తాములు మార్చుకొన్నారు. బంతి తన్నినట్లు కొన్ని ఉత్తరములలో ఉన్నది. శబ్దమును నమ్ముకొని బ్రతుకువారము గనుక మాకు ఆ ఉత్తరములలో మరియొక విషయము పట్టుకొన్నది: తుపాకులు ఆగినందున కలిగిన నిశ్శబ్దమే వారికి అన్నిటికంటె వింతగా తోచినదట.

ఇక చిత్రములో లేనివి. చాలచోట్ల ఉభయపక్షములు బయటికి వచ్చి చేసిన మొదటి పని శవములను పూడ్చుట. కొద్దిదినముల క్రిందటి దాడులలో కూలినవారు ఆ నడిమి నేలమీదనే పడియున్నారు. ఒకచోట గోతులచుట్టు నిలిచి రెండు భాషలలోను ప్రార్థన చేసినారు. అన్ని చోట్ల విరామము లేదు. కొన్ని చోట్ల క్రిస్మస్ నాడు కూడ కాల్పులు జరిగినవి, మనుష్యులు చచ్చినారు. జనరల్ స్మిత్-డోరియన్ డిసెంబరు 5నే, శత్రువుతో స్నేహము కూడదని హెచ్చరించి యుండెను. అనగా నాటి కరచాలనము ఆజ్ఞోల్లంఘనము. చిత్రములో అది ఒట్టి మంచితనముగా మిగిలినది.

మనవారి సంగతి కూడ చెప్పవలసియున్నది. ఆ శీతకాలమున భారతీయ సేనలు ఫ్రాన్సులోనే ఉన్నవి. గఢ్వాల్ రైఫిల్స్ దళమువారు కొందరు ఆ విరామములో పాల్గొన్నారు. ఆ క్రిస్మస్‌కు సైనికులకు రాజకుమారి మేరీ పేర చందాలతో ఇత్తడి డబ్బాలు పంపినారు. భారతీయులలో చాలమందికి పటికబెల్లము, సుగంధ ద్రవ్యముల చిన్నపెట్టె వచ్చినవి. కందకములో పండుగ కానుక అప్పుడును ఉన్నది, వ్యాపారమును ఉన్నది. డెక్కా గ్రామఫోను కందకములకు తగినదని పేరుపొంది అమ్ముడుపోయినది. అయితే కొన్నవారు దానిని బ్రతికియున్న సైనికునికి పంపగలిగినారు.

సెయిన్స్‌బరీ చిత్రముమీద ప్రకటనల నియంత్రణ సంస్థకు 800కు పైగా ఫిర్యాదులు వచ్చినవి. నియమభంగము లేదని ఆ సంస్థ విచారణ చేపట్టలేదు. నియమము మాట అట్లుండగా, మనస్సు ఎందుకు కలుక్కుమన్నది? 1983లో పాల్ మకార్ట్నీ పాటకు తీసిన చిత్రము కూడ ఈ విరామమునే చూపినది, రికార్డులను అమ్మినది. అందులో కొన్నవాడు ఆ పాటనే కొన్నాడు. ఇక్కడ కథ ఒకటి, సరకు మరొకటి. చచ్చినవారిని తలచి పొంగిన కన్నీటికి ఒక దారి కావలెను; ఆ దారి చివర అంగడి తలుపు తెరచియున్నది. లీజియను పేరు ప్రక్కన నిలిచినందున ఆక్షేపించువాడు దానమునే ఆక్షేపించినట్లగును. ఈ కూర్పులోని నేర్పు అదే, మాకు నచ్చనిదియు అదే. ఆ దానమువలన మాజీ సైనికులకు మేలు కలిగినదనుటలో సందేహము లేదు. ఆ కథను ఎరుగని పిల్లలనేకులు దానిని విన్నారు. కాని విన్నది సగము.

మరుసటి క్రిస్మస్‌కు, 1915లో, సేనాధిపతులు ముందుగనే కఠినాజ్ఞలు పంపినారు. అయినను కొన్ని చోట్ల సైనికులు బయటికి వచ్చినారు. శవములను పూడ్చుకొనుటకు కొంతసేపు కాల్పులాపిన స్కాట్స్ గార్డ్స్ కెప్టెన్ ఇయన్ కల్‌హూన్‌ను సైనిక న్యాయస్థానము ఎదుట నిలిపి, దోషిగా తీర్మానించి, మందలించినారు.