పసిపిల్లల్లో ‘ఈస్ట్’ భయం, పడని ఆహారం – పథ్యం ఎంతవరకు?

బిడ్డకు ఏ కొంచెం నలతగా ఉన్నా తెలుగు ఇండ్లలో మొదట వినిపించే మాట పథ్యం. దగ్గు వస్తే పెరుగు, విరేచనాలైతే పాలు, ఒంటిమీద దద్దుర్లు లేస్తే గుడ్డు, వంకాయ, పల్లీలు మానిపించడం తరతరాలుగా వస్తున్న ఆనవాయితీ. ఈ పాత పథ్యానికి ఇటీవలి కాలంలో ఒక కొత్త కారణం తోడైనది. బిడ్డ కడుపులో ‘ఈస్ట్’ అనే శిలీంధ్రం మితిమీరి పెరిగినందువల్లనే చిరాకు, నిద్రలేమి, మాట ఆలస్యం, పొట్ట ఉబ్బరం కలుగుతున్నాయని, చక్కెర, గోధుమ, పాలు, పులియబెట్టిన పదార్థాలు అన్నింటినీ ఒక్కసారిగా ఆపివేయవలెనని ప్రచారం జరుగుతున్నది. ఇందులో కొంత నిజం ఉన్నది, అంతకంటె ఎక్కువ ఊహ ఉన్నది. ఈ రెంటినీ విడదీసి చూడడం తల్లిదండ్రులకు అత్యవసరం.

రంగారెడ్డి జిల్లాలో చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు చేరువగా, శంకర్‌పల్లి మండలంలో ప్రొద్దుటూరు గ్రామం ఉన్నది. (పేరు ఒకటే అయినా ఇది కడప జిల్లాలోని వ్యాపార పట్టణం కాదు.) హైదరాబాద్ నగరానికి కూరగాయలు, పూలు పంపే ప్రాంతమిది. నగరం నానాటికీ దగ్గరవుతున్నందున ఇటువంటి గ్రామాలలో రెండు రకాల వైద్యాలూ కలుస్తున్నాయి. ఒకవైపు జ్వరం వచ్చిన మొదటి రోజుననే యాంటీబయాటిక్ ఇచ్చే అర్హత లేని వైద్యం, మరొకవైపు వేల రూపాయల పరీక్షలు చేసి ముప్పై నలభై పదార్థాలను నిషేధించే పట్టణ ప్యాకేజీ. ఈ రెంటి మధ్య నష్టపోయేది బిడ్డ ఎదుగుదల. 2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో ఐదేళ్లలోపు పిల్లలలో 33.1 శాతం మంది వయసుకు తగిన ఎత్తు లేరు, 31.8 శాతం మంది వయసుకు తగిన బరువు లేరు. ఆరు నెలల నుండి ఐదేళ్లలోపు పిల్లలలో 70 శాతం మందికి రక్తహీనత ఉన్నది. ఇటువంటి చోట పాలు, గుడ్డు, పప్పు కారణం లేకుండా మానిపించడం చిన్న విషయం కాదు.

మొదట ఈస్ట్ సంగతి. కాండిడా అనే ఈస్ట్ జాతి శిలీంధ్రం ఆరోగ్యవంతుల నోటిలో, పేగులలో, చర్మంపై సహజంగానే ఉంటుంది. అది ఉన్నంత మాత్రాన వ్యాధి కాదు. పక్కనే ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు, శరీర రోగనిరోధక శక్తి దానిని అదుపులో ఉంచుతాయి. యాంటీబయాటిక్ మందులు విచ్చలవిడిగా వాడినప్పుడు ఆ మేలుచేసే జీవులు నశించి, కాండిడాకు చోటు దొరుకుతుంది. ఉబ్బసానికి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్ తరువాత నోరు పుక్కిలించకపోయినా, బిడ్డకు తీవ్రమైన పోషకాహార లోపం ఉన్నా ఇదే జరుగుతుంది.

పసికందులలో ఇది ఎక్కువగా నోటిలో తెల్లని పాచిగా కనబడుతుంది. నాలుకమీద పాల చార కూడా తెల్లగానే ఉంటుంది గనుక తల్లులు పొరబడటం సహజం. తడి మెత్తని బట్టతో తుడిస్తే పాల చార సులభంగా పోతుంది. కాండిడా పాచి అంత తేలికగా రాదు. వచ్చినచోట ఎర్రగా పుండుపడినట్లు ఉంటుంది, బుగ్గల లోపల, పెదవుల వెనుక కూడా వ్యాపిస్తుంది. దానిని గోకి తీయరాదు. వైద్యుని సలహాపై శిలీంధ్రనాశక చుక్కలు లేదా నోటిలో పూసే మందు కొద్ది రోజులు వాడితే తగ్గిపోతుంది. తల్లి చనుమొనలలో మంట, నొప్పి ఉన్నట్లయితే ఇద్దరికీ ఒకేసారి చికిత్స జరగవలెను, లేనిచో ఒకరి నుండి ఒకరికి తిరిగి సోకుతూనే ఉంటుంది. తల్లిపాలు ఆపవలసిన పని లేదు.

పాలసీసా రబ్బరు పీకలు ఈ పాచికి మంచి నివాసం. మన పెద్దలు వాడిన ఉగ్గుగిన్నె శుభ్రపరచడానికి తేలికైనది, మరిగించడానికి అనువైనది. పాలసీసాల ప్రచారాన్ని 1992 నాటి చట్టమే నిషేధించినది. పొలం పనికి వెళ్లే తల్లి బిడ్డను అమ్మమ్మ, నాయనమ్మల వద్ద వదలవలసి వచ్చినప్పుడు పిండిన తల్లిపాలను గిన్నె, చెంచాతో పట్టించడం మేలు.

కాండిడా రెండవ చోటు లంగోటీ కట్టే భాగం. మామూలు ఒరుపు ఎరుపు బట్ట తగిలే ఉబ్బు భాగాలలో ఉంటుంది. కాండిడా ఎరుపు గజ్జల మడతలలో చేరి, చుట్టూ చిన్న చిన్న ఎర్రని పొక్కులు చల్లినట్లు ఉంటుంది. తరచుగా బట్ట మార్చడం, కొంతసేపు గాలి తగలనివ్వడం, వైద్యుడు సూచించిన శిలీంధ్రనాశక లేపనం రాయడం సరిపోతుంది. మందుల దుకాణంలో అడగగానే ఇచ్చే ‘అన్నింటికీ ఒకే ఆయింట్‌మెంట్’లలో స్టెరాయిడ్ కలిసి ఉండవచ్చు. రెండు రోజులు ఎరుపు తగ్గినట్లు కనిపించి, చర్మం పలుచబడి, వ్యాధి ముదురుతుంది. చర్మానికి రాసే అనేక స్టెరాయిడ్లను కేంద్ర ప్రభుత్వం 2018లో వైద్యుని చీటీ లేకుండా అమ్మరాని జాబితాలో చేర్చినది.

ఏడాది దాటిన బిడ్డకు నోటిలో పాచి పదే పదే వస్తుంటే మాత్రం పథ్యంతో సరిపెట్టుకొనరాదు. రోగనిరోధక శక్తి లోపం, మధుమేహం వంటి కారణాలు వెదకవలసి ఉంటుంది.

ఇక పేగులలో ఈస్ట్ మితిమీరి, దానివల్ల ప్రవర్తనా లోపాలు, అలసట, ఆహారం పడకపోవడం అన్నీ వస్తాయనే వాదం ఎక్కడిది? అది అమెరికాలో పుట్టినది. 1970ల చివర ఆరియన్ ట్రస్ అనే వైద్యుడు ఈ ఊహను ప్రతిపాదించగా, 1983లో విలియం క్రూక్ రాసిన పుస్తకంతో అది ఇంటింటికీ చేరినది. 1986లో అక్కడి ఎలర్జీ వైద్యుల సంఘమే దీనికి రుజువు లేదని ప్రకటించినది. 1990లో ప్రచురితమైన ఒక పరిశోధనలో, ఈ లక్షణాలున్నాయని చెప్పిన స్త్రీలకు కొంతకాలం నిస్టాటిన్ అనే శిలీంధ్రనాశకం, కొంతకాలం ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూడగా, ఒంట్లోని సాధారణ బాధల విషయంలో మందు ఉత్తుత్తి మాత్రకంటె మెరుగుగా పనిచేయలేదు. నిస్టాటిన్ మంచి మందే. న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖలో పనిచేసిన ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్ అనే ఇద్దరు మహిళలు 1950లో వెలుగులోకి తెచ్చిన ఆ మందుకు ఆ రాష్ట్రం పేరే పెట్టారు. అయితే మంచి మందు లేని జబ్బును నయం చేయదు.

ఈ వాదాన్ని నమ్మి ఇడ్లీ, దోసె, పెరుగు మానిపించేవారూ ఉన్నారు. ఇడ్లీ పిండి పులియడంలో ప్రధాన పాత్ర లాక్టిక్ ఆమ్లం తయారుచేసే బ్యాక్టీరియాది, కాండిడాది కాదు. పైగా ఆవిరిపై ఉడికిన ఇడ్లీలో సూక్ష్మజీవులు బ్రతకవు. పెరుగు సంగతీ అంతే. అది తోడుపెట్టే బ్యాక్టీరియా పని. మిఠాయిలు, తీపి పానీయాలు తగ్గించడం పండ్లకు మంచిదే, కానీ దానికి ఈస్ట్ భయం అక్కరలేదు.

ఆహారం పడకపోవడం అన్నది మాత్రం నిజమైన సమస్య. ఇందులో మూడు వేరువేరు సంగతులు ఉన్నాయి. మొదటిది ఎలర్జీ. పాలు, గుడ్డు, పల్లీలు, చేపలు, రొయ్యల వంటి ఆహారంలోని మాంసకృత్తులను శరీర రక్షణ వ్యవస్థ శత్రువుగా భావించి ఎదిరించడం. తిన్న కొద్ది నిమిషాల నుండి రెండు గంటలలోపు దద్దుర్లు, పెదవుల వాపు, వాంతి, ఊపిరి బిగబట్టడం కలుగుతాయి. రెండవది జీర్ణం కాకపోవడం. పాలలోని చక్కెర అయిన లాక్టోజ్‌ను అరిగించే ఎంజైమ్ తక్కువైతే ఉబ్బరం, నీళ్ల విరేచనాలు అవుతాయి, ప్రాణాపాయం ఉండదు. పసిపిల్లలలో ఇది ఎక్కువగా అతిసారం తరువాత కొద్దికాలం ఉండి, పేగు పొర కోలుకోగానే పోతుంది. అతిసారంలో ఓ.ఆర్.ఎస్., 14 రోజుల జింక్, తల్లిపాలు కొనసాగించడమే చికిత్స. విరేచనాలు కాగానే బిడ్డను పస్తు పెట్టడం మన ప్రాంతంలో ఇంకా పోని దురలవాటు.

ఆవుపాలు పడని బిడ్డకు మేకపాలు పట్టమని సలహా ఇచ్చేవారు ప్రతి ఊరిలోనూ ఉంటారు. ఆవు, గేదె, మేక పాలలోని మాంసకృత్తులు ఒకదానికొకటి చాలా దగ్గరివి. ఆవుపాల ఎలర్జీ ఉన్న బిడ్డలలో అత్యధికులకు మేకపాలు కూడా పడవు. పాల ఎలర్జీ ఉన్న చాలామంది పిల్లలకు వయసుతోపాటు అది తగ్గిపోతుంది గనుక, ఎప్పుడు తిరిగి ప్రయత్నించవలెనో వైద్యుడే నిర్ణయించవలెను.

మూడవది సీలియాక్ వ్యాధి. గోధుమ, బార్లీలలోని గ్లూటెన్ వలన పేగు పొర దెబ్బతిని, బిడ్డ ఎదగక, రక్తం పట్టక, పొట్ట ఉబ్బి కనబడుతుంది. దేశంలో ఇది అన్నిచోట్లా ఒకే తీరుగా లేదు. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో పెద్దవారిని పరీక్షించగా, ఉత్తర భారతంలో 1.23 శాతం మందికి, దక్షిణాదిన 0.10 శాతం మందికి మాత్రమే ఈ వ్యాధి బయటపడినది. అరుదు గనుక లేదనుకోరాదు. ఉన్నవారు జీవితాంతం గ్లూటెన్ మానవలసినదే. రక్తపరీక్ష జరిగేలోపు గోధుమ ఆపరాదన్నది ఇక్కడ ముఖ్యమైన సంగతి. ముందే మానిపిస్తే పరీక్షలో వ్యాధి దాగిపోతుంది.

వ్యాధి నిర్ధారణ అయిన బిడ్డకు తెలంగాణ వంటిల్లు పెద్దగా ఇబ్బంది పెట్టదు. జొన్న రొట్టె, గటక, రాగి అంబలి, అన్నం, సర్వపిండి, సకినాలు అన్నీ గోధుమ లేనివే. అయితే జొన్న పిండిని గోధుమ పట్టిన గిర్నీలోనే పట్టించినచో ప్రయోజనం పోతుంది. ఉప్మా రవ్వ, సేమ్యా, బిస్కెట్లు, రస్కులు గోధుమవని అందరికీ తెలుసు; బజారులో దొరికే పొడి ఇంగువలో గోధుమ పిండి కలుపుతారన్నది చాలామందికి తెలియదు. గ్లూటెన్ గల ధాన్యాలు, పాలు, గుడ్డు, పల్లీలు, సోయా, చేపలు మొదలైనవి కలిసిన ప్యాకెట్లపై ఆ వివరం ముద్రించవలెనని ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020 నిబంధనలు చెబుతున్నాయి. కొనేముందు ఆ చిన్న అక్షరాలు చదవవలెను.

అంగన్‌వాడీలలో ఏడు నెలల నుండి మూడేళ్లలోపు పిల్లలకు ఇచ్చే బాలామృతంలో వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి. సాధారణ బిడ్డలకు ఇది బలమైన ఆహారం, దీనిని వదులుకొనరాదు. పాల ఎలర్జీ లేదా సీలియాక్ ఉన్నట్లు వైద్యుడు నిర్ధారించిన బిడ్డల విషయాన్ని మాత్రం తల్లిదండ్రులు అంగన్‌వాడీ టీచరుకు చీటీతో సహా తెలియజేయవలెను. గుడ్డు పడని బిడ్డ పేరు పాఠశాల మధ్యాహ్న భోజనం వండే వారికీ తెలిసి ఉండవలెను.

పరీక్షల పేరిట జరిగే ఖర్చు గురించి ఒక మాట. రక్తంలో ఐ.జి.జి. అనే ప్రతిరక్షకాలను కొలిచి పడని ఆహారాల పట్టిక ఇచ్చే పరీక్షలు ప్రచారంలో ఉన్నాయి. ఆ ప్రతిరక్షకాలు తరచుగా తినే ఆహారానికి సహజంగా ఏర్పడేవే. అటువంటి పరీక్షను నిర్ధారణకు వాడరాదని ఐరోపా ఎలర్జీ వైద్యుల సంస్థ 2008లోనే స్పష్టం చేసినది. మాట రాని, కలివిడి లేని బిడ్డలకు గోధుమ, పాలు మానిపిస్తే ఆటిజం తగ్గుతుందన్న వాదానికి కూడా తగిన ఆధారం లేదు. ఎదుగుదల ఆలస్యాలను ముందుగా గుర్తించేందుకు 2013లో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ప్రారంభమైనది. అంగన్‌వాడీలు, ప్రభుత్వ పాఠశాలల పిల్లలను ఆ బృందాలు పరీక్షిస్తాయి. పథ్యం పేరిట గడిచిపోయే నెలలు మాటల శిక్షణకు దక్కవలసిన నెలలు.

ఎలర్జీ భయంతో పల్లీలు, గుడ్డు ఆలస్యంగా పెట్టడం మంచిదన్న పాత సలహా కూడా మారినది. లండన్‌లో 640 మంది పసివారిపై జరిగి 2015లో ప్రచురితమైన పరిశోధనలో, ఎలర్జీ ముప్పు ఎక్కువగా ఉన్న బిడ్డలలో పల్లీలు ముందుగా తిన్నవారికి ఐదేళ్ల వయసులో పల్లీ ఎలర్జీ సుమారు 3 శాతం ఉండగా, మానినవారిలో 17 శాతం ఉన్నది. ఆరు నెలలు నిండి, అనుబంధ ఆహారం మొదలుపెట్టిన తరువాత పల్లీలను మెత్తగా నూరి జావలో కొద్దిగా కలిపి పెట్టవచ్చు. తీవ్రమైన గజ్జి లేదా గుడ్డు ఎలర్జీ ఉన్న బిడ్డకు ముందుగా వైద్యుని అడగవలెను. గొంతుకు అడ్డుపడే ముప్పు ఉన్నందున పలుకులుగా పెట్టరాదు. ఏడాదిలోపు తేనె నాకించరాదు.

ఏదైనా తిన్న వెంటనే ఒళ్లంతా దద్దుర్లతోపాటు ఊపిరి ఆడకపోవడం, గొంతు బొంగురుపోవడం, ఎడతెగని వాంతులు, సొమ్మసిల్లడం కనబడితే ఇంటి వైద్యానికి సమయం లేదు. వెంటనే 108కు ఫోన్ చేసి సమీప ఆసుపత్రికి చేర్చవలెను. తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షనే ప్రాణరక్షణ మందు. దురద మాత్ర దానికి బదులు కాదు. బిడ్డను పడుకోబెట్టి ఉంచవలెను, ఎత్తుకొని నిలబెట్టరాదు. ఊపిరి కష్టంగా ఉంటే కూర్చోనివ్వవచ్చు.

అంత తీవ్రత లేని అనుమానాలకు ఒక నోటు పుస్తకం చాలు. బిడ్డ తిన్నది, తిన్న వేళ, కనిపించిన లక్షణం, అది ఎంతసేపు ఉన్నదో రెండు వారాలు రాసి, దద్దుర్లు ఉంటే ఫోనులో ఫొటో తీసి, చేవెళ్ల ప్రభుత్వ ఆసుపత్రికో, హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రికో తీసుకుపోవలెను. అవసరమనుకుంటే వైద్యుడు ఒక్క పదార్థాన్ని రెండు నుండి నాలుగు వారాలు ఆపించి, తిరిగి పెట్టించి చూస్తారు. తిరిగి పెట్టినప్పుడు లక్షణం రాకపోతే ఆ పదార్థం నిర్దోషి, బిడ్డ పళ్లెంలోకి అది తిరిగి రావలెను. ఆపిన కాలంలో దానికి బదులు ఏమి పెట్టవలెనో అడిగి తెలుసుకొని, ప్రతి నెలా అంగన్‌వాడీ తూకంలో బిడ్డ బరువు చూపించవలెను.