జామీనుకు మనిషి దొరక్కపోతే?

గాజువాకలో రాత్రి పదకొండింటికి టిఫిన్ బండి దగ్గర మాటా మాటా పెరిగి, చొక్కాలు పట్టుకునేదాకా వచ్చిందనుకోండి. పోలీసులు ఇద్దరినీ జీపెక్కిస్తారు. అందులో ఒకడు బరంపురం నుంచి కాంట్రాక్టు పనికి వచ్చిన కుర్రాడు. స్టేషన్ బల్ల మీద బిక్కుబిక్కుమంటూ కూర్చున్న అతనికి, ఈ కేసులో బెయిలు తన హక్కని తెలియదు.

నడివీధి కొట్లాటకు భారతీయ న్యాయ సంహిత 194వ సెక్షన్ కింద పడే గరిష్ఠ శిక్ష నెల రోజుల జైలు, లేదా వెయ్యి రూపాయల జరిమానా, లేదా రెండూ. ఇది బెయిలబుల్ నేరం. జామీను ఇస్తే స్టేషన్‌లోనే వదలాలి. అరెస్టుకు కారణం చెప్పడం, ఇంట్లోవాళ్లకో స్నేహితుడికో కబురందించడం పోలీసుల బాధ్యత. వదలకపోతే, ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందుకు తీసుకెళ్లాలి.

ఏడేళ్ల వరకు శిక్ష పడే నేరాల్లో యాంత్రికంగా అరెస్టు చేయొద్దని సుప్రీంకోర్టు 2014లో అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. అరెస్టుకు బదులు, జనం ఇప్పటికీ 41ఏ అని పిలిచే నోటీసును పోలీసులు ఇచ్చి విచారణకు రమ్మనవచ్చు. 2024 జులై 1 నుంచి అది కొత్త నేర విచారణ ప్రక్రియ చట్టంలో 35(3) సెక్షన్.

చిక్కంతా జామీను దగ్గరే. ఇంటి పన్ను రశీదో, జీతం సర్టిఫికెట్టో పట్టుకుని వచ్చే మనిషి పరాయి ఊళ్లో ఎక్కడ దొరుకుతాడు?

మధ్యప్రదేశ్‌లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీకి ఇదే ఎదురైంది. పది వేల రూపాయల జామీను అడిగారు. సోదరుడు ముందుకొస్తే వేరే జిల్లావాడని కాదన్నారు. 1978లో సుప్రీంకోర్టులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఆ షరతును తప్పుబట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద అతన్ని వదలమన్నారు. ఒక ఆంధ్రుడు బస్తర్‌లోనో పోర్ట్ బ్లెయిర్‌లోనో అరెస్టయితే ఏం చేయాలని ఆ తీర్పులోనే నిలదీశారు. స్థానిక జామీను షరతు పెట్టకపోవడం మంచిదని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరోసారి చెప్పింది. బెయిలబుల్ కేసులో అరెస్టయిన వారంలోగా జామీను ఇవ్వలేకపోతే, ఆ మనిషిని పేదగా భావించి సొంత పూచీకత్తు మీదే విడిచిపెట్టాలి.

కోర్టులో మరో గండం ఉంది. నేరం ఒప్పేసుకుంటే జరిమానాతో పోతుందని పక్కవాళ్లు తొందరపెడతారు. ఒప్పుకుంటే రికార్డులో దోషిగా మిగులుతాడు. రేపు ప్లాంటు గేట్ పాస్‌కో, ఓడ ఉద్యోగం కోసం పాస్‌పోర్టుకో పోలీసు వెరిఫికేషన్ జరిగినప్పుడు అది అడ్డు రావచ్చు. నేరం ఒప్పుకునేముందు లాయరును అడగాలి. కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది. ఇంట్లోవాళ్లు 15100కు ఫోన్ చేయవచ్చు. కుర్రాడైతే మేజిస్ట్రేటు ముందు నిలబడి, తనకు లాయరు లేరని చెప్పినా చాలు.