సేవలో స్వేచ్ఛ

వృద్ధుడు రోగియై మంచము పట్టినప్పుడు చుట్టును చేరినవారెల్లరు అతని మేలునే కోరుదురు. స్నానమెప్పుడు, పథ్యమేమి, కిటికీ తెరచుటయా, మూయుటయా, అన్నియు వారే నిర్ణయింతురు. వేళకు మందు అందును, అభిప్రాయమడుగువారు మాత్రముండరు. ఇదంతయు ప్రేమవలననే జరుగును. కనుకనే ఇందలి లోపము కంటబడదు.

అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రమున ఒక వృద్ధాశ్రమమందు తాము జరిపిన పరిశీలనను ఎలెన్ లాంగర్, జూడిత్ రోడిన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించిరి. ఒక అంతస్తులోనివారికి తమ దినచర్యను తామే నిర్ణయించుకొనవలసినదని చెప్పి, కోరిన మొక్కను ఎన్నుకొని పెంచుకొననిచ్చిరి. వేరొక అంతస్తులోనివారికిని మొక్కలిచ్చిరి. కాని నీరు పోయుట నర్సుల పని యనిరి. మూడు వారములకు మొదటివారిలో ఉల్లాసము, చురుకుదనము హెచ్చుగా కానవచ్చినవి. రెండవవారికి దయ కొరవడలేదు; కొరవడినది స్వాతంత్ర్యము.

భారత సర్వోన్నత న్యాయస్థానము 2008లో ఒక తీర్పునందు ఈ ధర్మమునే చికిత్స విషయమున స్పష్టపరచినది. వివేకము గల వయోజనులకు చికిత్స చేయుటకు వారి సమ్మతియే కావలెను. ప్రాణాపాయము లేనప్పుడు తల్లి సమ్మతియైనను దానికి బదులు కానేరదు. కన్నతల్లికే లేని యధికారము కన్నబిడ్డలకెట్లు కలుగును?

జ్ఞాపకశక్తి సన్నగిల్లినవారి మాటయేమని కొందరడుగవచ్చును. శస్త్రచికిత్సను గూర్చి తీర్మానింపలేనివాడు సయితము ఏ పంచె కట్టవలెనో, స్నానము ముందో భోజనము ముందో చెప్పగలడు. నిర్ణయశక్తి ఒక్కనాట నశింపదు, క్రమముగ తగ్గును. మిగిలియున్నంత మేరకు దానిని గౌరవింపవలెను. నర్సు యైనను, కుమారుడైనను "ఎట్లు చేయమందురు?" అని అడిగి, సమాధానము వచ్చువరకు నిలువవలెను. ముసలివారి సమాధానము ఆలస్యముగ వచ్చును. ఆ నిరీక్షణయే సేవలో కష్టమైన భాగము.