పదునైదు నిమిషములు, పండ్రెండు గిన్నెలు

మా కార్యాలయమున ఒక పెద్దాయన ఈ ప్రసంగపు చిత్తుప్రతిలో ‘బారిస్టా’ అను మాట చూచి, అచ్చుతప్పనుకొని ‘బారిస్టరు’ అని దిద్దినారు. ఆయనను తప్పుపట్టలేము. బారిస్టరునకు మన సంఘమున ఉన్న పేరు బారిస్టాకు ఇంకను రాలేదు. ఇది ఇటలీవారి మాట. బారులో నిలిచి కాఫీ మొదలగు పానీయము లందించు మనిషి అని అర్థము. ఆడువారికిని మగవారికిని మాట ఒక్కటే. మన కాఫీహోటలులో తెల్లవారుజామున నాలుగు గంటలకే లేచి డికాక్షను దింపు మనిషి చేయునదియు ఈ పనియే. వాని చేతి కాఫీకై రెండు వీథులు దాటి పోవుదుము గాని, వాని పేరేమని అడిగినవారము కాము.

అట్టి పనికి పోటీలు పెట్టి, నిర్ణేతలను కూర్చుండబెట్టి, మార్కులు వేయు ఏర్పాటొకటి లోకమున నడచుచున్నది. 2000వ సంవత్సరమున మొనాకోలోని మాంటీకార్లోలో మొదటి ప్రపంచ బారిస్టా పోటీ జరిగినది. నార్వే దేశీయుడు రాబర్ట్ థోరెసెన్ నెగ్గినాడు. నాటినుండి పెక్కు దేశములలో ముందుగా ప్రాంతీయ పోటీలు, వానిలో నిలిచినవారికి జాతీయ పోటీ, జాతీయ విజేతకు ప్రపంచ పోటీ అను క్రమము ఏర్పడినది. మన దేశపు విజేతలును ఆ పోటీలకు పోవుచున్నారు.

చిరకాలముగా వచ్చుచున్న పద్ధతి యిది. పోటీదారునికి పదునైదు నిమిషముల గడువు. రుచి చూచు నిర్ణేతలు నలుగురు. ఒక్కొక్కరికి మూడు గిన్నెలు: వట్టి ఎస్ప్రెస్సో ఒకటి, పాలు కలిపినది ఒకటి, పోటీదారుడు తానై కల్పించిన పానీయ మొకటి. వెరసి పండ్రెండు. కల్పనలో మద్యము కూడదు. గడువు దాటిన ప్రతి సెకనుకు ఒక మార్కు తగ్గును. నిమిషము దాటినచో పోటీనుండియే తొలగింతురు. చేయి పనిచేయుచుండగా నోరు మాటాడుచుండవలెను. ఈ గింజ ఎక్కడిది, ఎంత యెత్తున పండినది, పండునుండి గింజను ఎట్లు వేరుచేసిరి, గిన్నెలో ఏ రుచి తగులును అని ముందుగానే చెప్పవలెను. చెప్పిన రుచి నాలుకకు తగులకున్న మార్కులు రావు. ఎఱ్ఱదీపము ముందు కూర్చుండి పదునైదు నిమిషముల ప్రసంగము చదువుట మాకు వృత్తి. ఆ చదువుచున్నంతసేపు చేతితో పండ్రెండు గిన్నెల కాఫీ కూడ కలుపుమన్నచో మాలో ఎందరు నిలుతురో చెప్పజాలము!

ఇదికాక, రుచితో నిమిత్తము లేక పనితీరునే చూచు నిర్ణేత వేరుగా ఉండును. పొడి ఎంత ఒలికినది, ఆవిరిగొట్టమును ప్రతిమారు తుడిచినాడా, బల్ల శుభ్రముగా ఉన్నదా అని చూచుట ఆయన పని. మన ఇండ్లలో అత్తగారు చేయు పని అదియే గదా!

ఎస్ప్రెస్సోలోని కిటుకు కొంత వివరింపవలసి యున్నది. మెత్తగా మరపట్టిన పొడిని చిన్న జల్లెడగిన్నెలో సమముగా అదిమి, 90 మొదలు 96 డిగ్రీల వేడిగల నీటిని వాతావరణపు ఒత్తిడికి తొమ్మిదిరెట్ల ఒత్తిడితో దానిగుండా పంపుదురు. ఇరువది ముప్పది సెకనులలో రమారమి 30 మిల్లీలీటర్ల చిక్కని రసము దిగును. నీటి స్వభావము సోమరితనము; ఎక్కడ సందు దొరికిన అక్కడనే దిగిపోవును. పొడి ఒకవైపు వదులుగా ఉన్నచో నీరంతయు ఆ దారిని పోయి, అక్కడి పొడినుండి చేదునుగూడ లాగివైచును. రెండవవైపు పొడి సారమీయక పులుపుగా మిగులును. ఒకే గిన్నెలో చేదును పులుపును కలిసి వచ్చుటకు కారణమిదియే. ముసురుపట్టిన దినమున పొడి నడవడి మారును. నిన్నటి మరబిగింపు నేటికి పనికిరాదు.

మన ఇత్తడి ఫిల్టరులో ఒత్తిడి లేదు గాని ధర్మము వేరు కాదు. పొడి మరీ మెత్తనిదైన తెల్లవారినను చుక్క దిగదు. మరీ గరుకైన బొటబొట దిగి పలుచనగును. పొడిమీద ఆ చిల్లులబిళ్ళ నుంచి నీరు పోయుట నీటిని సమముగా పంచుటకే. ఈ సంగతి మన అమ్మమ్మలకు తెలియును. దానికి మార్కులున్నవని మాత్రము తెలియదు.

పాల విషయమున మాత్రము మన అలవాటునకును వారి అలవాటునకును చుక్కెదురు. మనము పాలు పొంగువరకు కాచుదుము. వారు ఆవిరితో 60 డిగ్రీల ప్రాంతమునకు వేడిచేసి ఆపుదురు. ఆ వేడిలో పాలలోని తీపి నాలుకకు బాగుగా తెలియును. అంతకు చాల మించినచో కాగిన వాసన వచ్చి కాఫీరుచిని కప్పివేయును. పచ్చిపాలు కాచక త్రాగరాదు కనుక మన పద్ధతిని తప్పనలేము. కాచిన పాలను కొంత చల్లార్చి కలుపుట మధ్యేమార్గము.

ఇక అసలు సంగతి. పోటీ మొదలైన పదునొకండేండ్లకు, అనగా 2011లో, బొగొటా నగరమున ఎల్ సాల్వడార్ దేశపు అలెహాండ్రో మెండెజ్ నెగ్గువరకు, కాఫీ పండించు దేశమువాడెవ్వడును ప్రపంచ విజేత కాలేదు. పండించువాడొకడు, రుచి చెప్పువాడొకడు! మంచిగింజ ఓడ యెక్కును. మిగిలినది ఇంట ఉండును. మన దేశపు పంటలోను సుమారు డెబ్బది పాళ్ళు ఎగుమతి యగుచున్నది. అయితే గాలి మారినది. 2021లో కొలంబియా, 2023లో బ్రెజిల్, 2024లో ఇండొనేషియా విజేతలు వచ్చిరి. పండిన చోటనే రుచి చూచువారు ఏర్పడినచో, ఏ తోట గింజ మంచిదో పరదేశమువారు చెప్పువరకు కాచుకొనియుండ నక్కరలేదు.

ఈ మాట అరకుకు బాగుగా వర్తించును. తూర్పుకనుమలలో కాఫీ 1898లో పాములేరు లోయయందు బ్రాడీ అను దొరతో మొదలైనదని చెప్పుదురు. నేడు అల్లూరి సీతారామరాజు జిల్లాలో గిరిజన కుటుంబములు సిల్వరుఓకు చెట్లనీడన, మిరియపుతీగెల నడుమ, చిన్నచిన్న కమతములలో దీనిని పెంచుచున్నవి. 2017లో పారిసులో అరకు పేరిట దుకాణము వెలసినది. 2019లో అరకులోయ అరబికాకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఈ పేరు నిలుచుట కోయువారి చేతిలో ఉన్నది. పండ్లన్నియు ఒకేమారు పండవు. ఎఱ్ఱనివి మాత్రమే ఏరి, మరల పది దినములకో పదునైదు దినములకో అదే చెట్టుకు రావలెను. కొమ్మంతయు ఒక్కసారిగా దూసినచో పని తేలిక, కూలి తక్కువ. కాని పచ్చికాయ గింజ వేయించినను రంగెక్కదు. పాలిపోయి నిలుచును, వేరుసెనగ పొట్టు రుచి నిచ్చును. ఏరి కోసిన శ్రమకు వేరు ధర చెల్లించువారుంటేనే ఆ శ్రమ సాగును. నిర్ణేతల ముందు తోట పేరు చెప్పు పోటీదారుడు, ఆ ధరను అడుగుటకు రైతునకొక ఆధారము నిచ్చుచున్నాడు. ఈ పోటీలవలన కలిగిన మేలు లన్నింటిలో మేము దీనినే మొదట చెప్పుదుము.

లోటులేదని కాదు. ఎస్ప్రెస్సో యంత్రము లక్షల రూపాయల సరుకు. అభ్యాసమునకు పోయు గింజల ఖర్చు వేరు. యజమాని అండలేనివాడు బల్లదాకా రాలేడు. ఇరానీ చాయికి పేరుపడిన హైదరాబాదులోను ఇప్పుడు గింజలు తామే వేయించుకొను కొట్లు వెలసినవి; అచటి పిల్లలకు దారి దొరకవచ్చును. బెజవాడ హోటలులో ముప్పదియేండ్లుగా డికాక్షను దింపువానికి దొరకునా? చేతితో వడగట్టు కాఫీకి 2011 నుండి వేరొక ప్రపంచపోటీ ఉన్నది గాని, అందులో గింజయు నీరును తప్ప మరేమియు చేరరాదు. పాలు, పంచదార, చికోరి మూడును ఆగిపోవును. మన గ్లాసులో మిగులునదెంత?

చికోరి ఒక మొక్క వేరు, కాఫీ కాదు. రంగును చిక్కదనమును ఇచ్చును. చట్టము ప్రకారము కాఫీ-చికోరి మిశ్రమములో కాఫీ నూటికి 51 పాళ్ళకు తగ్గరాదు. ఎంత కలిపినది పొట్లముపై ముద్రింపవలెను. ఇంట ఉన్న పొట్లము తిప్పి చూడుడు. పిమ్మట నూరు గ్రాముల వేయించిన అరకు గింజలు తెప్పించి, పళ్ళెములో పోసి, పాలిపోయిన గింజలు ఎన్ని యున్నవో లెక్కించి, వానిని తీసివైచి మరపట్టింపుడు. మొదటి డికాక్షనును పాలు పంచదార లేకుండ ఒక చెంచా వేడిగా, ఒక చెంచా చల్లారిన పిదప రుచి చూడుడు. నిర్ణేతలును చల్లారుచున్న గిన్నెను మరల మరల రుచి చూతురు. వేడిలో దాగిన దోషము చల్లారినపుడు బయటపడును.